జీర్ణోద్ధారణ: పాతదాని నుంచి ఏం తీసుకోవాలి?

పాత గుడిని చూసి కొత్తది కట్టేవారికీ, పాత బొమ్మను చూసి కొత్త బట్ట మీద గీసేవారికీ, తాతల నాటి ఇంటి పద్ధతిలో ఇల్లు వేసుకోవాలనుకునేవారికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. పాతదాని నుంచి తీసుకోవలసింది రూపమా, కొలతా, పనితనమా, ఆ రూపం చుట్టూ అల్లుకున్న నడవడా? పైకి ఇది అభిరుచికి సంబంధించిన మాటలాగే ఉంటుంది. గుళ్లే ఊళ్లకు నడుములైన సీమలో మాత్రం ఇది ధర్మానికి సంబంధించిన చర్చ అవుతుంది. అక్కడి కట్టడాన్ని జనం చూసి ఊరుకోరు, దాని లోపలికి వెళ్లి మొక్కుతారు, మొక్కు తీర్చుకుంటారు, తప్పు జరిగితే భయపడతారు. తడ నుంచి పడమర దారి పట్టి నాగలాపురం, శ్రీకాళహస్తి, గుడిమల్లం, తిరుపతి చుట్టి వస్తే ఈ ప్రశ్నకు దొరికే జవాబులు ఒకే తీరుగా ఉండవు. కొన్ని ఒకదానితో ఒకటి తగవు పడతాయి కూడా.

ముందు ఆగమాల మాట. నకలు అంటే తక్కువది అన్న భావన ఆగమ సంప్రదాయంలో లేదు. తిరుమలలో పూజ వైఖానస ఆగమం ప్రకారం జరుగుతుంది. ఆ ఆగమం ఒకే దేవుడికి ఐదు మూర్తులను, అంటే పంచబేరాలను చెబుతుంది. కదలని మూలవిరాట్టు ధ్రువబేరం. భోగ శ్రీనివాసమూర్తి కౌతుకబేరం, ఉగ్ర శ్రీనివాసమూర్తి స్నపనబేరం, మలయప్పస్వామి ఉత్సవబేరం, కొలువు శ్రీనివాసమూర్తి బలిబేరం. వీటిలో భోగ శ్రీనివాసమూర్తి మూలవిరాట్టు పోలికలో చేసిన వెండి ప్రతిమ. పదో శతాబ్దంలో పల్లవ వంశపు సామవాయి సమర్పించినట్టు గుడి శాసనం చెబుతోంది. ఆ చిన్న ప్రతిమకూ మూలవిరాట్టుకూ మధ్య పట్టుదారంతో సంబంధం కలిపి ఉంచుతారు. నిత్యాభిషేకం, రాత్రి ఏకాంతసేవ జరిగేది ఈ మూర్తికే. పోలిక ఉన్నంత మాత్రాన వెండి ప్రతిమకు ఈ స్థానం రాలేదు. మూలంతో కలిపిన సంబంధం, రోజూ దానికి అప్పగించిన పని, ఆ పనికి పెట్టిన నియమం ఈ మూడూ కలిసి దాన్ని దేవుణ్ణి చేశాయి.

మూర్తుల పనులు కూడా శాశ్వతంగా రాసిపెట్టినవి కావు. ఒకప్పుడు ఊరేగింపులకు ఉగ్ర శ్రీనివాసమూర్తినే వేంచేపు చేసేవారనీ, పద్నాలుగో శతాబ్దంలో ఆ స్థానం మలయప్పస్వామికి వచ్చిందనీ దేవాలయ చరిత్ర చెబుతుంది. ఇప్పుడు ఉగ్ర శ్రీనివాసమూర్తి ఏడాదికి ఒక్కసారి, కైశిక ద్వాదశి నాడు, సూర్యోదయానికి ముందే మాడవీథుల్లో తిరిగి లోపలికి వెళ్తాడు. అనాదిగా ఇలాగే ఉందని భక్తులు నమ్మే క్రమంలో కూడా ఇంత పెద్ద మార్పు ఇమిడిపోయింది. సంప్రదాయానికి మార్పు గిట్టదనేవారు తిరుమల ఉత్సవాలను సరిగా గమనించలేదనుకోవాలి.

పాతబడిన గుడిని ఏం చేయాలన్నదానికి ఆగమాలు పెట్టిన పేరు జీర్ణోద్ధారణ. మరమ్మతు మొదలుపెట్టే ముందు మూర్తిలోని కళలను మంత్రపూర్వకంగా కుంభంలోకి ఆవాహన చేస్తారు. దీన్ని కళాకర్షణ అంటారు. పక్కనే బాలాలయం అనే తాత్కాలిక సన్నిధి ఏర్పాటు చేసి, పని పూర్తయ్యేదాకా పూజ అక్కడ జరుపుతారు. పీఠానికీ మూర్తికీ మధ్య అష్టబంధనం, అంటే ఎనిమిది ద్రవ్యాలు కలిపి దంచిన బంధనద్రవ్యం, కొత్తగా వేస్తారు. చివర సంప్రోక్షణతో కళలను తిరిగి మూర్తిలోకి చేరుస్తారు. పన్నెండేళ్లకోసారి ఈ క్రతువు జరపడం ఆనవాయితీ. తిరుమలలో 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరిగింది.

ఈ క్రతువులో పెద్ద తత్త్వమే ఉంది. శక్తిని రాతిలోంచి తీసి నీటిలో ఉంచవచ్చు, నీటిలోంచి తిరిగి రాతికి ఇవ్వవచ్చు అంటే, పవిత్రత రాతికి పుట్టుకతో వచ్చిన గుణం కాదన్నమాట. రాయి దానికి ఆశ్రయం. ఆశ్రయం శిథిలమైతే మార్చుకోవచ్చు. శ్రీవైష్ణవులు చెప్పే అర్చావతార సిద్ధాంతం దీన్నే ఇంకో వైపు నుంచి చెబుతుంది. పర, వ్యూహ, విభవ, అంతర్యామి రూపాల తర్వాత ఐదోదైన అర్చలో భగవంతుడు భక్తుడు ఇచ్చిన రూపాన్నీ, ఇచ్చిన ద్రవ్యాన్నీ ఒప్పుకుని, అతని చేతికి లోబడి ఉంటాడు. అందుకే ఆ సంప్రదాయంలో విగ్రహాన్ని దాని లోహంతో విలువ కట్టడం అపచారం.

పురావస్తు తవ్వకాలు ఈ మాటకు ఋజువు ఇచ్చిన చోటు ఏర్పేడు దగ్గరి గుడిమల్లం. పరశురామేశ్వరస్వామి లింగం క్రీస్తుపూర్వపు తొలి రెండు శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అభిప్రాయం. ఇప్పుడు దాని మీద ఉన్నది ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగే గజపృష్ఠపు రాతి గుడి. 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఇంగువ కార్తికేయ శర్మ అక్కడ తవ్వించినప్పుడు లింగం చుట్టూ చదరంగా రాతి కంచె, ఆ తర్వాతి కాలానికి చెందిన ఇటుక కట్టడం బయటపడ్డాయి. అంటే మొదట ఆ శివుడికి కప్పే లేదు, ఆరుబయట కంచె మధ్య ఉన్నాడు. తర్వాత ఇటుక గుడి వచ్చింది. ఆ తర్వాత చోళుల కాలంలో రాతి గుడి లేచింది. గమనించదగ్గ విషయం ఏమిటంటే, రాతి గుడి కట్టినవారు ఇటుక గుడి గుండ్రని నమూనాను వదలలేదు. వస్తువు మారింది, నేల మీది గీత మిగిలింది. పాతదాని నుంచి కొత్తది ప్రేరణ పొందడం అన్న మాటకు ఈ ప్రాంతంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే గుడిమల్లంలో సులువుగా ఒప్పుకునే విషయమే శ్రీకాళహస్తిలో కష్టమైంది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. అంతకుముందే పగుళ్లు పెద్దవై చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. అదే చోట కొత్త గోపురం లేచి, 2017లో కుంభాభిషేకం జరిగింది. ఇది రాయల గోపురమేనా?

భారతీయ తర్కం ఈ ప్రశ్నను చాలా కాలం కిందటే ఎదుర్కొంది. న్యాయవైశేషికులు అవయవాలు వేరు, అవయవి వేరు అంటారు. కుండ అంచు విరిగితే పాత కుండ నశించి కొత్త కుండ పుట్టిందని వారి లెక్క. ఆ లెక్కన 2010కి చాలా ముందే, మరమ్మతు జరిగినప్పుడల్లా, ఒక్కో కొత్త గోపురం పుడుతూనే ఉంది. బౌద్ధులకు ఈ ఇబ్బంది లేదు. వారి దృష్టిలో అవయవి అన్నదే లేదు, క్షణక్షణం సాగే సంతానం, అంటే ప్రవాహమే ఉంది. అద్వైతులు వాడే దేవదత్తుడి ఉదాహరణ ఇక్కడ మరీ పనికొస్తుంది. కాశీలో ఒకప్పుడు చూసిన దేవదత్తుడు ఇప్పుడు ఎదురుపడితే, అప్పటి కాలదేశాలనూ ఇప్పటి కాలదేశాలనూ పక్కన పెట్టి, వీడే వాడు అని గుర్తుపడతాం. శ్రీకాళహస్తి గోపురం నుంచి 1516నూ 2017నూ పక్కన పెడితే మిగిలేవి గోపురం నిలిచిన స్థలం, దాని దిక్కు, కింద సాగే ఉత్సవం, దూరం నుంచి చూడగానే చేతులెత్తే అలవాటు. భక్తుడికి అవి చాలు, అతని గుర్తింపు పొరపాటు కాదు. చరిత్రకారుడికి మాత్రం అవి చాలవు. రాయల నాటి సున్నం, ఇటుక, పనివాడి ఉలి గుర్తు, పునాది వేసిన తీరు ఇవన్నీ పోయాయి, ఏ మంత్రంతోనూ తిరిగి రావు. ఇద్దరి మాటా నిజమే. ఆగమం మొదటివాడి పక్షాన స్పష్టంగా మాట్లాడింది. రెండోవాడి బాధ ఆగమకారుల ఆలోచనలో లేదు, ఎందుకంటే చరిత్ర సాక్ష్యం అనే విలువ ఆధునిక కాలం తెచ్చినది.

ఆ విలువ తిరుమలలో రెండుసార్లు గట్టిగా గొంతెత్తింది. గుడి ఎదుట ఉన్న విజయనగర కాలపు వేయికాళ్ల మండపాన్ని, భక్తుల రద్దీకి చోటు చేసే ప్రణాళికలో భాగంగా, 2003లో తొలగించారు. పీఠాధిపతుల నుంచి పురావస్తు నిపుణుల దాకా చాలామంది అభ్యంతరం చెప్పారు, వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్లింది. మూర్తి లేని మండపానికి కళాకర్షణ అవసరం లేదు, కాబట్టి శాస్త్రపరంగా అడ్డు లేదనే వాదన చేయవచ్చు. ఆ వాదన బలహీనమైనది. మండపం ఉన్నది జనం కూర్చోవడానికి, నీడ పట్టడానికి. యాత్రికుల సౌకర్యం కోసమే యాత్రికులకు అయిదు వందల ఏళ్లుగా నీడనిచ్చిన కట్టడాన్ని తీసివేయడం ఆ సౌకర్యం అనే మాటను చాలా ఇరుకుగా అర్థం చేసుకోవడమే.

రెండో ఘటన 2008లో మొదలైన ఆనందనిలయం అనంత స్వర్ణమయం పథకం. ఆనందనిలయ విమానానికి బంగారం కొత్త కాదు, కృష్ణదేవరాయలు 1518లో పూత వేయించాడు. ఈసారి ఆలోచన గుడి గోడలకు కూడా బంగారు రేకులు తాపడం చేయాలని. ఆ గోడల నిండా శాసనాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి వంటి పండితుల కృషితో తిరుమల తిరుపతి దేవస్థానం 1930ల్లోనే ఆ శాసనాలను సంపుటాలుగా ప్రచురించింది. ఏ రాజు ఏ నైవేద్యానికి ఏ ఊరు ఇచ్చాడు, ఆ ప్రసాదంలో ఎవరికి ఎంత వాటా, ఏ చెరువు తవ్వించి ఆ పంటతో ఏ సేవ జరిపించాలి అన్న లెక్కలు వాటి నిండా ఉన్నాయి. గోడలకు మేకులు దిగితే శాసనాలు దెబ్బతింటాయన్న అభ్యంతరం వచ్చింది. హైకోర్టు తీర్పుతో పథకం ఆగిపోయింది. ఇక్కడ చరిత్ర పక్షమూ భక్తి పక్షమూ ఒక్కటే అయ్యాయని చెప్పాలి. దేవుడికి భక్తులు రాయించి ఇచ్చిన మాటలు ఆ శాసనాలు. వాటి మీద బంగారం కప్పడం పాత భక్తుల మాటను కొత్త భక్తుల కానుకతో చెరిపివేయడమే అవుతుంది.

కట్టడాల నుంచి అలంకారానికి వస్తే శ్రీకాళహస్తి కలంకారీని మించిన ఉదాహరణ అక్కర్లేదు. నూలు బట్టను కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో నానబెడతారు. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసిం నల్లగీతకు పనికొస్తుంది. ఎరుపు పట్టడానికి పటిక, నీలానికి నీలిమందు, పసుపుపచ్చకు కరక్కాయ పువ్వు. కలం అంటే గుడ్డో ఉన్నో చుట్టిన వెదురుపుల్ల. ప్రతి రంగు తర్వాత పారే నీటిలో ఉతకాలి, అందుకు స్వర్ణముఖి నది ఉంది. ఇలా తయారైన తెరలు గుళ్లలో మూర్తి వెనక, రథాల మీద వేలాడేవి. రామాయణ ఘట్టాలను గళ్లుగా గీసి, కింద తెలుగులో కథ రాసేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్య నాటికి ఆ పని దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది, మిగిలిన కొద్దిమంది పెద్దలు కొత్తవారికి నేర్పారు. ఆ తరంలో తయారైన జె. గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఈ పునరుద్ధరణే కొత్త ధర్మసంకటాన్ని తెచ్చింది. గుడి తెరకు గిరాకీ తగ్గింది, చీరకూ దుపట్టాకూ దిండు గలీబుకూ పెరిగింది. మూర్తి వెనక వేలాడవలసిన రాముడు కూర్చునే చోటికీ కట్టుకునే బట్టకూ వస్తే ఏమవుతుంది? ప్రతిష్ఠ జరగని బొమ్మ బొమ్మే కాబట్టి దోషం లేదని ఆగమం తెలిసినవారు చెప్పగలరు. అయినా దేవుడి ముఖం మీద కూర్చోవడానికి మనసొప్పనివారే ఎక్కువ, ఆ సంకోచాన్ని మూఢనమ్మకం అనడం తొందరపాటు. ప్రతిష్ఠ ఒక్కటే పవిత్రతకు మూలం కాదు, చూసే అలవాటు కూడా ఒక మూలమే అని ఆ సంకోచం చెబుతోంది. దీనికి దొరికిన మార్గం నెమలి, తామర, లత, జీవవృక్షం వంటి అలంకారాలు. విచిత్రం ఏమిటంటే, చాలామంది అచ్చమైన ప్రాచీన సంప్రదాయం అనుకునే జీవవృక్షం కలంకారీలో స్థిరపడింది పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో పర్షియాకూ ఐరోపాకూ బట్ట ఎగుమతి చేసే రోజుల్లో, కొనేవారి అభిరుచిని బట్టి. మార్కెట్టు కోసం మారడం కలంకారీకి కొత్త కాదు. కలమూ నదీ లేకుండా యంత్రం మీద ముద్రించిన బట్టకు అదే పేరు పెట్టి అమ్మడం మాత్రం వేరే సంగతి. అందులో రూపం ఒక్కటే ఉంది, ఆ రూపాన్ని పుట్టించిన ఓపిక లేదు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఇవ్వడంలోని న్యాయం ఇదే.

శిల్పశాస్త్రం కూడా రూపం కంటే కొలతకే పట్టం కడుతుంది. మయమతం వంటి గ్రంథాల్లో ఇరవై నాలుగు అంగుళాలు ఒక హస్తం. విగ్రహాలకు తాళమానం ఉంది. వీటిని పాటించినంత కాలం స్థపతికి బొమ్మలో తన చేయి చూపించే స్వేచ్ఛ ఉంటుంది. తిరుపతిలో దేవస్థానం 1960లో మొదలుపెట్టిన సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో నేర్పేది ఈ పద్ధతినే. 1976లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరాలయం లేచినప్పుడు, ఏడుకొండల రాయి అక్కడికి వెళ్లలేదు, కొలత వెళ్లింది. మంచు కురిసే ఆ నేల మీద అది గుడిగా నిలబడింది. దిక్కు కూడా కొలతే. నాగలాపురంలో కృష్ణదేవరాయలు కట్టించిన వేదనారాయణస్వామి ఆలయం పడమటి ముఖం. ఏటా మార్చి నెలాఖరులో మూడు సాయంత్రాలు సూర్యకిరణాలు వాకిళ్లన్నీ దాటి మూర్తి పాదాల దాకా, నాభి దాకా, శిరస్సు దాకా చేరతాయి. అలాంటి గుడి గోపురాన్ని అచ్చుగుద్దినట్టు దించి దిక్కును వదిలేస్తే దించుకున్నది చాలా తక్కువ.

ఈ కాలపు కట్టడాల్లో ఆ తక్కువే ఎక్కువగా కనిపిస్తుంది. 2015లో ప్రారంభమైన తిరుపతి విమానాశ్రయ టెర్మినల్ కప్పుకు గరుడుడి రెక్కల పోలిక ఇచ్చారు. ఎగిరే పనికి ఎగిరే వాహనాన్ని ఎంచుకోవడంలో కొంత ఆలోచన ఉంది. 2022లో తిరుపతి రైల్వేస్టేషన్ కొత్త నమూనా చిత్రాలు విడుదలైనప్పుడు అవి ఏ నగరపు అద్దాల మేడలాగో ఉన్నాయని జనం అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం న్యాయమే. దానికి మందుగా అద్దాల ముందు గోపురం బొమ్మ తగిలిస్తే చాలనుకోవడం మాత్రం తేలిక ఆలోచన. రాత్రి బండి దిగిన యాత్రికుడికి స్నానం, నిద్రకు చోటు, మంచినీళ్లు ఇచ్చిన సత్రం పద్ధతి కూడా తిరుపతి వాస్తు సంప్రదాయంలో భాగమే, ఆ భాగాన్ని అడిగినవారు తక్కువ.

ఇళ్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చిత్తూరు సీమలోని పాత ఇంటికి ముందు తిన్నె, కల్లాపి చల్లి ముగ్గు వేసే వాకిలి, పసుపు కుంకుమ పెట్టే గడప, లోపల వెలుతురు దిగే నడిమి ఖాళీ ఉండేవి. తిన్నె ఇంటిదీ వీధిదీ కూడా. దారిన పోయేవారు అడగకుండా కూర్చునేవారు. అందరూ కూర్చునేవారని మాత్రం అనలేం. ఏ కులంవారు తిన్నె దాకా, ఏ కులంవారు వాకిలి దాకా, ఎవరు ఊరి బయట అన్న హద్దులు అదే ఇంటి ప్లానులో రాసి ఉన్నాయి. గుడిలోనూ అంతే. చిత్తూరు జిల్లా అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1947లో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చి, గోపురంలో ఒక్క రాయీ కదలకుండానే, గోపురం కింద నడిచేవారిని మార్చింది. ఆ శతాబ్దంలో ఈ సీమ గుళ్లకు జరిగిన అతిపెద్ద జీర్ణోద్ధారణ అదే. పాత జీవనాన్ని ఆదర్శంగా తీసుకునేవారు ఈ హద్దుల సంగతి దాటవేస్తే వారు తీసుకుంటున్నది సంప్రదాయం కాదు, అలంకరణ.

తడ దగ్గర ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2008లో ఒకవైపు శ్రీసిటీ పారిశ్రామిక నగరం మొదలైంది, మరోవైపు వరదయ్యపాలెం మండలం బత్తలవల్లం దగ్గర, ఇప్పుడు ఏకం అని పిలిచే తెల్ల పాలరాతి ధ్యానమందిరం తెరిచారు. దానికి ఏ ఆగమ సంప్రదాయపు మూర్తీ అక్కర్లేదు, పాత వాస్తు ఠీవి కావాలి. అటు హైవే మీద సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడికి తలుపులు లేవు, రాత్రీపగలూ మూయరు. దొంగ భయంతో తలుపులు చేయించబోతే, తనకూ బిడ్డలకూ మధ్య అడ్డు వద్దని అమ్మ కలలో చెప్పిందనీ, తెచ్చిన చెక్క చిగురించిందనీ స్థలకథ. పక్కనే శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే ముందు ఇస్రో అధ్యక్షులు వచ్చి మొక్కేది ఇక్కడే. కొత్తగా కట్టేవారు ఈ రెండింటిలో దేని నుంచి నేర్చుకోవాలన్న ప్రశ్నకు జవాబు స్పష్టం. పాలరాయిని ఎవరైనా కొనగలరు. తలుపు పెట్టకూడదన్న ఒక్క నియమాన్ని తరాల తరబడి నిలబెట్టుకున్న చెంగాళమ్మ గుడే మెరుగైన నమూనా.